బుడమేరు బురద, తమ్మిలేరు గుర్రపుడెక్క, కొల్లేరు మేట: మీ ప్రశ్నలు, నా జవాబులు

వాగులు చెరువుల మీద ప్రశ్నలు పంపమంటే ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా కొల్లేరు చుట్టుపక్కల నుంచే వచ్చాయి, మైలవరం కొండల దగ్గర్నుంచి ఆకివీడు దాకా. ఒకళ్ళ ప్రశ్నకి జవాబు ఇంకొకళ్ళ ఊళ్ళో ఉంది కాబట్టి అన్నీ కలిపి ఒకేచోట వేస్తున్నా. దయచేసి మీ ప్రశ్న ఒక్కటే చూసుకుని పేజీ తిప్పేయకండి.

ప్రశ్న: సార్, మాది విజయవాడ సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబర్ వరదలో ఇంట్లో నడుంలోతు నీళ్ళు, రోజుల తరబడి నిలబడిపోయాయి. నీళ్ళు పోయాక చూస్తే జానెడు బురద. ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు ఏవీ మిగల్లేదు. అంత బురద ఎక్కడ్నుంచి వచ్చింది? బుడమేరు మొత్తం పూడిక తీయిస్తే ఇంక ఈ బాధ ఉండదు కదా?

జవాబు: చాలా బాధగా ఉందండి, వస్తువులు మళ్ళీ కొనుక్కోవచ్చు అనేస్తారు గానీ కొనుక్కోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

బురద సంగతి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, దార్లో చిన్నాచితకా వాగులన్నీ కలుపుకుని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరకి వస్తుంది, అక్కడ్నుంచి కొంత నీరు డైవర్షన్ ఛానల్ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి, మిగిలింది పాత దారిన విజయవాడని ఒరుసుకుంటూ కొల్లేరుకి పోవాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో పడ్డ వానకి ఆ డైవర్షన్ ఛానల్ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి చివరికి ఆర్మీ వాళ్ళు రావాల్సొచ్చింది. అంటే మీ ఇంట్లోకొచ్చిన బురదలో ఎగువ పొలాల మట్టి ఉంది, గ్రావెల్ తవ్వి వదిలేసిన కొండల ఎర్రమట్టి ఉంది, వాగు గట్లు కోసుకుపోయిన మట్టి ఉంది, తెగిన గట్టు మట్టీ ఉంది. నీళ్ళు జోరుగా పోతున్నంతసేపు మట్టిని మోసుకుపోతాయి, ఎక్కడ ఆగితే అక్కడ దించేస్తాయి. మీ కాలనీలో ఆగాయి, అక్కడ దించాయి. కొల్లేరులో ప్రతి ఏడాదీ జరిగేది కూడా సరిగ్గా ఇదే, కాకపోతే అది ఎవరి ఇంట్లోనూ కాదు కాబట్టి ఎవరికీ కనపడదు.

పూడిక తీయాలి, అందులో సందేహం లేదు. కానీ మీరు, మీ కాలనీ వాళ్ళు కలిసి రెండు విషయాలు గట్టిగా అడగాలి. ఒకటి, తీసిన మట్టి ఎక్కడ పోస్తున్నారు అని. గట్టు మీదే కుప్పలు పోస్తే వచ్చే వానకి అదే మట్టి మళ్ళీ ఏట్లోకి జారుతుంది, బిల్లు మాత్రం రెండోసారి కూడా వస్తుంది. రెండోది, ఏటికి ఉండాల్సిన వెడల్పు ఎంత, ఇప్పుడున్నది ఎంత అని. లోతు ఎంత తవ్వినా వెడల్పు లేకపోతే పెద్ద వరదకి చాలదు. ఇంకోటి కూడా చెప్పాలి, దిగువన కొల్లేరు నిండుగా ఉండి, ఆ నీటిని సముద్రానికి తీసుకుపోయే ఉప్పుటేరు నీళ్ళు లాగకపోతే బుడమేరు చివర నీళ్ళు వెనక్కి తన్ని నెమ్మదిస్తాయి, నెమ్మదించిన చోటల్లా మళ్ళీ మేట వేస్తుంది. కాబట్టి మీ కాలనీ వరదకి ఆకివీడు దగ్గర ఉప్పుటేటికి కూడా సంబంధం ఉంది.

ప్రశ్న: నమస్కారమండి. మైలవరం దగ్గర వాగు ఒడ్డున నాకు రెండెకరాలుంది. ప్రతి వానాకాలం గట్టు కొంత విరిగి వాగులో పడిపోతోంది, ఇప్పటికే నాలుగైదు సాళ్ళు పోయాయి. ఇసుక బస్తాలు పేర్చాను, ఒక్క వరదకే కొట్టుకుపోయాయి. లొట్టపీసు కొమ్మలు గుచ్చితే వారంలో పట్టుకుంటుంది, గట్టు ఆగుతుంది అని ఒకాయన అంటున్నారు. నాటమంటారా?

జవాబు: వద్దండి. అస్సలు వద్దు. కొన్నిచోట్ల తూటికాడ అంటారు, గులాబీ రంగు గరాటు పూలు పూస్తుంది, అదే కదా. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, కొమ్మ ముక్క ఎక్కడ పడితే అక్కడ ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తుంది. వరదకి మీ గట్టు మీద విరిగిన ముక్కలు కిందికి కొట్టుకుపోయి ఎక్కడ తగులుకుంటే అక్కడ పొదలవుతాయి, ఆ పొదల్లో మట్టి ఆగి వాగు సగానికి సన్నబడుతుంది, అప్పుడు నీళ్ళు ఎదురొడ్డుని కోస్తాయి. మీ పొలం నిలబెట్టుకోవడానికి ఎదుటివాడి పొలం పోగొట్టినట్టవుతుంది. పైగా మేకలు అలవాటుపడి తింటే వాటి నరాలు దెబ్బతింటాయి, తూలుతూ నడుస్తాయి, చిక్కి చచ్చిపోతాయి.

ఇక గట్టు ఎందుకు విరుగుతోందో చూద్దాం. మీరు బస్తాలు పేర్చింది గట్టు పైన అయ్యుంటుంది, చాలామంది అక్కడే పేరుస్తారు. కానీ గట్టు పైనుంచి విరగదు, అడుగు నుంచి విరుగుతుంది. వాగు వంపు తిరిగే చోట బయటివైపు ఒడ్డుని నీళ్ళు అడుగున తొలిచేస్తాయి, వరద ఉన్నంతసేపు ఆ నీళ్ళే గట్టుని ఆనుకుని నిలబెడతాయి, వరద తీసేసిన మర్నాడు తడిసి బరువెక్కిన మట్టికి ఏ ఆధారమూ ఉండదు, అప్పుడు ఒక్కసారిగా కూలుతుంది. మీ గట్టు కూడా వరదలో కన్నా వరద తగ్గాకే ఎక్కువ విరిగి ఉంటుంది, గుర్తు తెచ్చుకోండి.

ముందు చేయాల్సింది, వాగు వెంట కిందికి ఒక కిలోమీటరు నడిచి ఎక్కడైనా ఇసుక తవ్వుతున్నారేమో చూడటం. వాగు అడుగున గొయ్యి తీస్తే నీళ్ళు ఆ గోతిలోకి దూకుతూ గోతి అంచుని కోస్తాయి, ఆ కోత ఒక్కచోట ఆగదు, వరద వరదకీ ఎగువకి పాకుతూ వస్తుంది. వాగు అడుగు దిగిపోతే రెండు గట్లూ ఎత్తుగా నిటారుగా మిగిలి కూలిపోతాయి. అదే కారణమైతే మీరు మీ గట్టు దగ్గర ఏం చేసినా నిలవదు, ముందు ఆ తవ్వకం ఆగాలి. 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టంలో ఇసుక తవ్వకాల మీద ఆంక్షలున్నాయి, గ్రామసభలో తీర్మానం చేయించి తహసీల్దారుకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక్కరే వెళ్ళకండి, వాగుకి రెండు వైపులా ఉన్న రైతులు కలిసి వెళ్ళండి.

తవ్వకం లేకపోతే గట్టు పని సులువే, కాకపోతే కొంచెం నేల వదులుకోవాలి. నిటారుగా ఉన్న గట్టుని ఏటవాలుగా చెక్కించండి, ఒక అడుగు ఎత్తుకి రెండడుగుల వాలు ఉంటే మంచిది. అడుగున పెద్ద రాళ్ళు పేర్పించండి, వీలైతే ఇనప వల బిగించి. వాలు మీద వాగుకి సమాంతరంగా వరసలు వరసలుగా వట్టివేరు నాటండి, తొలకరి పడగానే నాటితే ఆ ఏడే పట్టుకుంటుంది, దాని వేళ్ళు అడ్డంగా పాకవు, నిలువుగా రెండు మూడు మీటర్ల లోతుకి దిగి మట్టిని కుట్టేస్తాయి. దాని పైన వావిలి, కానుగ, తెల్లమద్ది. ఇవన్నీ మన వాగుల ఒడ్డున ఎప్పట్నుంచో పెరిగేవే, దుక్కి అంచుదాకా దున్నాలన్న ఆశతో మనమే కొట్టేశాం. రెల్లు గడ్డి దానంతట అదే మొలుస్తుంది, ఎండాకాలం అంటించేయకండి చాలు. గట్టు నుంచి నాలుగైదు మీటర్లు దున్నకుండా వదిలేయండి, చేలో వాలుకి అడ్డంగా దున్నండి. మీ ఊళ్ళో ఉపాధి హామీ పనుల ప్రణాళిక రాసేటప్పుడు పైనున్న గుట్టల మీద కందకాలు, చిన్న పాయల్లో రాతికట్టలు పెట్టించమని అడగండి. మీ రెండెకరాలూ నిలుస్తాయి, పై ప్రశ్న అడిగిన సింగ్‌నగర్ ఆయన ఇంటికి పోయే మట్టీ అంతమేర తగ్గుతుంది.

ప్రశ్న: ఏలూరు నుంచి రాస్తున్నా. తమ్మిలేరు మా వీధి వెనకే. గుర్రపుడెక్క ఎంత దట్టంగా ఉందంటే నీళ్ళు కనపడవు, దోమలతో చచ్చిపోతున్నాం. పోయినేడు పొక్లెయిన్ పెట్టి మొత్తం తీశారు, మూడు నెలల్లో మళ్ళీ మామూలే. మందు కొట్టించమని కొందరు, ఏవో పురుగులు వదలమని కొందరు అంటున్నారు. ఏది కరెక్టు?

జవాబు: మూడు నెలలు పట్టిందంటే నిదానంగా పెరిగినట్టే లెక్క. ఎండ బాగా ఉండి నీళ్ళలో ఎరువు దండిగా ఉంటే గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది, ఇవాళ ఒక సెంటు మూలన మిగిల్చారంటే మూడు నెలలు తిరిగేసరికి అరెకరం దాటుతుంది. అందుకే తొంభై శాతం తీశాం అని ఫోటో దిగి వెళ్ళిపోతే తీయనట్టే. విత్తనాలు అడుగు బురదలో ఇరవై ఏళ్ళ దాకా బతికుంటాయి, కాబట్టి మొత్తం తీసినా ఆ తర్వాత నెలనెలా ఎవరో ఒకరు మొలకలు ఏరాల్సిందే. దీనికి పొక్లెయిన్ అక్కర్లేదు, ఒక తెప్ప, ఇద్దరు మనుషులు చాలు, కానీ ఏడాది పొడుగునా జీతం ఇవ్వాలి. మన ఆఫీసుల్లో ఒకేసారి పెద్ద బిల్లు పాసవుతుంది గానీ నెలనెలా చిన్న జీతం పాసవదు, అసలు జబ్బు అక్కడుందని నా అభిప్రాయం.

తీసేటప్పుడు మూడు సంగతులు చూడండి. ఊదా పూలు రాకముందే తీయాలి, పూలొచ్చాక తీస్తే విత్తనం రాలిపోతుంది. ఎగువ నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, కింద శుభ్రం చేసి పైన వదిలేస్తే మొదటి వానకి పైది మొత్తం కిందికొచ్చి వంతెన స్తంభాలకి, తూములకి అడ్డంపడుతుంది, వెనక నీళ్ళు ఎత్తి గట్టు పొర్లుతాయి. ఇక గట్టు మీద పారేయకూడదు. అందులో నూటికి తొంభై పాళ్ళకి పైగా నీరే, దూరంగా పరిచి నాలుగైదు రోజులు ఎండనిస్తే బరువు బాగా తగ్గుతుంది, ఆ తర్వాత పేడతో కలిపి కంపోస్టు చేయొచ్చు. మురుగు కలిసే చోట తీసింది మాత్రం పశువులకి వేయకండి, నీళ్ళలో ఉన్న లోహాలన్నీ అది పీల్చుకుని పెట్టుకుంటుంది.

మందు సంగతి, వాగులో వద్దు. కొట్టిన వారంలో పచ్చదనం పోతుంది, చూడ్డానికి బావుంటుంది, కానీ ఆ చచ్చిన మొక్కంతా నీళ్ళలోనే కుళ్ళి ఆక్సిజన్ తినేస్తుంది, చేపలు తేలిపోతాయి, కుళ్ళిందంతా అడుగున చేరి పూడికవుతుంది. పైగా ఆ నీళ్ళు పోయేది కొల్లేరుకి.

పురుగుల మాట నిజమే. గుర్రపుడెక్క తప్ప ఇంకేమీ తినని ముక్కుపురుగుల్ని 1980లలో బెంగళూరు శాస్త్రవేత్తలు బయటిదేశం నుంచి తెప్పించి పరీక్షించి వదిలారు, కదలని చెరువుల్లో బాగా పనిచేశాయి కూడా. కాకపోతే ఏళ్ళు పడుతుంది, మొక్కని నీరసం చేస్తాయి గానీ రాత్రికి రాత్రి మాయం చేయవు. తమ్మిలేరులాంటి వరదొచ్చే ఏట్లో ప్రతి వానాకాలం మొక్కతోపాటు పురుగూ కొట్టుకుపోతుంది, మధ్యలో పొక్లెయిన్ పెడితే మిగిలిందీ పోతుంది. నీళ్ళు నిలిచే మడుగులకి పనికొస్తుంది, మీ వీధి వెనక ఏటికి మనుషులే దిక్కు.

ఇదంతా చేసినా మురుగు అలాగే వదుల్తుంటే ఫలితం ఉండదు. ఆ మొక్కకి తిండి మన మరుగుదొడ్ల నీరు, సబ్బు నీరు, పొలాల యూరియా. మీ వార్డులో ఎన్ని డ్రెయిన్లు నేరుగా తమ్మిలేట్లో పడుతున్నాయో లెక్కపెట్టి ఫోటోలతో సహా మున్సిపల్ కార్పొరేషన్‌కి ఇవ్వండి, గుర్రపుడెక్క తీయండి అనే అర్జీ కన్నా ఆ అర్జీ విలువైంది.

ప్రశ్న: మాది కొల్లేరు లంక గ్రామం, కైకలూరు వైపు. మా తాతల నాటి కొల్లేరు ఇప్పుడు లేదు సార్, ఎండాకాలం దోనె నడవడమే కష్టంగా ఉంది. జమ్ము, కిక్కిస, గుర్రపుడెక్క అన్నీ కలిసి అడివి అయిపోయింది. మొత్తం మిషన్లు పెట్టి పీకించేస్తే సరస్సు బాగుపడుతుందా?

జవాబు: మొత్తం వద్దు బాబూ. గుర్రపుడెక్క, లొట్టపీసు బయట్నుంచి వచ్చినవి, వాటిని ఎంత తీసినా నష్టం లేదు. జమ్ము, కిక్కిస మాత్రం మన సరస్సువే. నీటికోళ్ళు, బాతులు గూళ్ళు కట్టుకునేది, చేపపిల్లలు దాక్కునేది వాటిలోనే, ఏరులు మోసుకొచ్చిన మట్టిని సరస్సు నడిమికి రాకుండా అంచునే ఆపేదీ అవే. ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు, అవి గూడు పెట్టేది చెట్ల మీదా స్టాండ్ల మీదా ఐనా వాటికి తిండి కావాలి కదా, ఆ చేప పెరిగేది ఈ గడ్డి నీడనే. అందుకని దోనెలు తిరిగే దారులు, ఏరులు వచ్చి కలిసే మూతులు, ఉప్పుటేటికి పోయే దారి, ఈ మూడు చోట్లా జమ్ము కోయించండి, మిగతాచోట ఉండనివ్వండి.

జమ్ము అంతగా ఎందుకు పెరిగిందంటారేమో, నీరు పల్చబడింది కాబట్టి. లోతు నీళ్ళలో జమ్ము నిలబడలేదు. మట్టి మేటవేసి లోతు తగ్గేకొద్దీ అది ముందుకొస్తుంది, అది ముందుకొచ్చేకొద్దీ ఇంకా మట్టి ఆగుతుంది. కాబట్టి మీకు కనపడుతున్నది గడ్డి ఐనా జబ్బు మాత్రం మట్టిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవిగాక రెండు డెల్టాల డ్రెయిన్లు అన్నీ తెచ్చి పోస్తుంటే బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే, సముద్రం దాకా అరవై కిలోమీటర్లు, అదీ దారిపొడుగునా సన్నబడి ఉంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు పేల్చారు, నీళ్ళకి దారి దొరికింది, మంచిదే. కానీ గట్టుకి గండి కొట్టినంత మాత్రాన ఆ గట్టు మట్టి ఎక్కడికీ పోదు, సరస్సులోనే ఉంటుంది. అక్కడ తర్వాత మళ్ళీ గట్లు లేచిన సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

ప్రశ్న: ఆకివీడు నుంచి చేపల రైతుని. ఎప్పుడు కొల్లేరు మాటొచ్చినా మా మీదే పడతారు. ఏలూరు మురుగు, విజయవాడ మురుగు, వరి పొలాల మందులు ఇవేవీ కనపడవా మీకు?

జవాబు: కనపడతాయండి, పైన మురుగు గురించే రాశాను. మీరన్నదాంట్లో న్యాయం ఉంది. ఐనా నేను అనుకునేది దాచకుండా చెప్తాను. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపల, అంటే 1999లో అభయారణ్యంగా ప్రకటించిన 308 చదరపు కిలోమీటర్ల లోపల చేపల చెరువు ఉండకూడదు. మీరు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అని కాదు, అక్కడ లేచే ప్రతి గట్టూ వరద నీటికి అడ్డం, నీరు ఆగితే మట్టి దిగుతుంది, మట్టి దిగితే వచ్చే ఏడు అదే వాన ఇంకో అడుగు ఎత్తున మీ ఊళ్ళోకే వస్తుంది. ఆ పరిధిలో జిరాయితీ (సొంత భూమి) పట్టాలున్న రైతులకి సరైన పరిహారం ఇవ్వకుండా ఖాళీ చేయమనడం మాత్రం అన్యాయం, ఆ విషయంలో నేను మీవైపే. కాంటూరు బయట చెరువులున్నవాళ్ళు చేపల పట్టుబడి తర్వాత కోళ్ళ ఎరువు కలిసిన నీళ్ళని నేరుగా డ్రెయిన్లోకి వదిలేయకుండా ఒక చిన్న మడుగులో కొన్ని రోజులు నిలిపి వదిలితే చాలు, బురద అక్కడే దిగుతుంది, ఆ బురద కొబ్బరి చెట్లకి బంగారం. గుర్రపుడెక్కకి పోయే తిండిలో మీ వాటా అంతమేర తగ్గుతుంది.

ప్రశ్న: చింతలపూడి వైపు మాది ఎర్ర చెలక. ఊరచెరువు పూడిక మట్టి తోలుకోమంటున్నారు, తోలుకోవచ్చా?

జవాబు: తోలుకోండి. మెత్తటి ఒండ్రు ఎర్ర నేలలో తడిని పట్టి ఉంచుతుంది, ఒకట్రెండు తడులు కలిసొస్తాయి. తెలంగాణలో 2015లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో రైతులు అలా సొంత ఖర్చుతో తోలుకునేవాళ్ళు. ముందు రెండు మూడు చోట్ల మట్టి తీసి భూసార పరీక్షకి ఇవ్వండి, చౌడు ఉంటే వద్దు. చెరువు అడుగున ఉన్న గట్టి పొరని తవ్వనివ్వకండి, అది పోతే నీరు ఇంకిపోతుంది. కట్టకి దగ్గర్లో అసలు తవ్వకూడదు. గుర్రపుడెక్క ఉన్న చెరువైతే ఆ మట్టి మాగాణికి వద్దు, మెట్టకే వాడుకోండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా అక్వేరియంలో సక్కర్ ఫిష్ బాగా పెద్దదైపోయింది. అమ్మ వాగులో వదిలేయమంటోంది. వదిలేస్తే అది బతుకుతుందా?

జవాబు: బతుకుతుందమ్మా, అదే సమస్య. ఒంటి నిండా గట్టి పెంకులుండటంతో దాన్ని తినేవి తక్కువ, మురికి నీళ్ళలో కూడా బతుకుతుంది, వలలో పడితే వల చింపుతుంది. గుడ్లు పెట్టేటప్పుడు వాగు గట్టులోకి మూరెడు, ఒక్కోసారి అంతకన్నా లోతుగా బొరియ తవ్వుతుంది, అలాంటివి పదులకొద్దీ తవ్వితే గట్టు గుల్లబారి కూలిపోతుంది. పైన మైలవరం రైతు గారి కష్టం చదివావు కదా. అమ్మకి ఇది చదివి వినిపించు. కొన్న షాపులో తిరిగి తీసుకుంటారేమో అడగండి, చాలామంది తీసుకుంటారు. లేకపోతే పెద్ద తొట్టి ఉన్న స్నేహితులకి ఇవ్వండి. తొట్టి కడిగినప్పుడు అందులోని మొక్కల ముక్కల్ని కూడా కాలవలో పోయకండి, ఎండబెట్టి చెత్తలో వేయండి.